ఖరీఫ్ మబ్బులో సుగుణ

మస్కట్‌లోని ఘుబ్రా ప్రాంతపు తెలుగు కుటుంబాలు ఎక్కడికి షికారు వెళ్ళినా సుగుణకు ఒక పని ఖాయంగా ఉండేది. సంచుల దగ్గర కూర్చోవడం. కొండల మధ్య వాగుకు వెళ్ళినా, సముద్రపు ఒడ్డుకు వెళ్ళినా, మిగతావాళ్ళు చెప్పులూ ఫోన్లూ కళ్ళజోళ్ళూ ఆవిడ పక్కన పెట్టేసి వెళ్ళిపోయేవారు. ఆవిడను కూర్చోమని ఎవరూ అనలేదు. మస్కట్ వచ్చిన కొత్తలో ఒకసారి తనే, "మీరెళ్ళి రండి, నేనిక్కడుంటాను" అంది. ఆ ఒక్క మాట ఏళ్ళ తరబడి చెల్లుబాటవుతూ వచ్చింది.

నడవలేక కాదు. సుగుణ ఘుబ్రాలోని ఇండియన్ స్కూల్లో బయాలజీ ల్యాబ్ అసిస్టెంటు. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా నిలబడే పని. పిల్లల చేత ఉల్లిపొర తీయించడం, గాజు పలకలు కడిగి ఆరబెట్టడం, మైక్రోస్కోపు మీద పడి కొట్టుకునేవాళ్ళను విడదీయడం, అన్నీ కాళ్ళమీదే. ఆవిడ భయం వేరు. మనిషి కాస్త భారీ. ఎత్తెక్కితే ఆయాసం వస్తుంది. తను ఆయాసపడుతుంటే పదిమందీ ఆగి, "తొందరేం లేదు సుగుణగారూ, నెమ్మదిగా రండి" అంటారే, ఆ మర్యాదకు భయం. పడితే అందరూ చూస్తారని ఇంకా భయం.

భర్త గంగాధరరావు కట్టడాలకు డిజైన్లు వేసే ఇంజనీరు. సెలవురోజు శుక్రవారం వస్తే కొండలు పట్టుకు తిరుగుతాడు. ఆయనకూ అలవాటైపోయింది, భార్య కారు దగ్గరే ఉంటుందని.

కిందటేడు ఖరీఫ్‌కు సలాలా వెళ్ళారు. ఒమాన్ దక్షిణపు కొసన సలాలా కొండలమీద వేసవిలో మూడు నెలలు మబ్బు దిగి కూర్చుంటుంది. సన్నటి జల్లు పడుతూనే ఉంటుంది. అక్కడి వానాకాలం పేరే ఖరీఫ్. దేశమంతా మాడిపోతుంటే ఆ కొండలు మాత్రం పచ్చగా అవుతాయి. దర్బాత్ వాగు దగ్గర అందరూ నడకకు వెళ్ళారు. సుగుణ కారులో ఉండిపోయింది. అద్దం దించుకుని మబ్బులోకి చూస్తూ కునుకు తీసింది. కళ్ళు తెరిచేసరికి ఒక ఒంటె కిటికీలోంచి తల లోపలికి పెట్టి, వెనక సీటులోని పులిహోర గిన్నె నాకుతోంది. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి జలపాతం చూశామనీ, లోయ నిండా నీలం నీళ్ళనీ చెబుతుంటే, తను చూసింది ఒంటె పళ్ళు మాత్రమేనని ఆవిడకు తట్టింది. అందరితో పాటు నవ్వింది కానీ, మస్కట్ వచ్చేదాకా ఆ సంగతి మనసులో మెదులుతూనే ఉంది.

ఈ ఏడు మే నెలలో ఒకరోజు భోజనాల దగ్గర చెప్పేసింది.

"ఈసారి సలాలా వెళ్తే నేనూ నడుస్తానండి."

"ఎక్కడ?"

"మీరు నడిచే చోటే."

గంగాధరరావు చేతిలో ముద్ద ఆగింది. "బురద సుగుణా. జారుతుంది."

"జారితే పడతాను. పడితే లేస్తాను. లేవలేకపోతే మీరున్నారుగా."

ఆయన మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే బట్టలైనా మార్చుకోకుండా, "పద, బూట్లు కొందాం" అన్నాడు.

మస్కట్ ఎండల్లో బయట నడిచే వీల్లేదు. అందుకని స్కూలు లేని రోజుల్లో పొద్దున్నే, దుకాణాలు తెరవకముందు, మాల్‌లో నడవడం మొదలుపెట్టింది. మూసిన షట్టర్ల ముందు నుంచి కొత్త బూట్లు కిచకిచలాడించుకుంటూ ఒక చివర నుంచి ఇంకో చివరకు తిరిగేది. కదలకుండా ఆగి ఉన్న ఎస్కలేటర్‌నే కొండ అనుకుని ఎక్కేది. మొదట్లో సగం ఎక్కి, ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకునేది. జూలై వచ్చేసరికి నటించాల్సిన అవసరం తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది.

ఆగస్టులో బయల్దేరారు. ఎడారిలో పొడుగాటి ప్రయాణం. ఎటు చూసినా మట్టిరంగే. కళ్ళు ఆ రంగుకు అలవాటు పడిపోయాక, కొండ దిగే మలుపు దగ్గర ఎదురుగా తెల్లటి గోడలా మబ్బు నిలబడి ఉంది. కారు అందులోకి దూరగానే గంగాధరరావు ఏసీ ఆపి అద్దాలు దించాడు. తడిమట్టి వాసన కారంతా నిండింది. సుగుణ చెయ్యి బయట పెట్టి తడిసిన అరచేతిని మొహానికి రాసుకుంది.

సలాలాలో వాళ్ళు దిగింది నసీరుద్దీన్ ఇంట్లో. ఆయనది కడప. రైసూత్ ఓడరేవులో క్రేన్ల సూపర్‌వైజరు. ఒకప్పుడు ఆయనా గంగాధరరావూ ఒకే కంపెనీలో పనిచేశారు, ఆ స్నేహం అలాగే ఉంది. ఆయన భార్య షంషున్నీసా సన్నగా, చలాకీగా ఉంటుంది. ఆమె నడిచినా ఆగదు, మాట్లాడినా ఆగదు. సుగుణ కూడా నడుస్తుందని విన్నాక ఆమె సంతోషం పట్టలేకపోయింది.

"ఇన్నాళ్ళూ ఈ మొగోళ్ళ ఎనకాల ఒక్కదాన్నే పోతాంటి అక్కా. వాళ్ళేమో క్రేన్లు, కాంక్రీటు, ఇవే మాటలు. ఇప్పుడు నాకూ తోడు దొరికినావు."

నసీరుద్దీన్ ఏర్పాటు ఇదీ. ముందు రోజే ఒక కారు కింద సముద్రం దగ్గర వదిలేశారు. రెండో కారులో పొద్దున్నే కొండమీది గడ్డిమైదానానికి వెళ్ళి, అక్కడి నుంచి అడవిలోంచి దిగి వాగు చేరి, వాగు వెంట సముద్రం దాకా నడవాలి.

"దావ నాకు బాగా తెల్సు వదినా. కండ్లు మూసుకోని పోతా" అన్నాడు.

అడవిలో అడుగుపెట్టాక సుగుణ మొదట గమనించింది శబ్దం. చెట్ల బయట వాన లేదు, ఉత్త మబ్బే. చెట్ల కింద మాత్రం టపటపమని పెద్ద చుక్కలు పడుతున్నాయి. కొమ్మలూ ఆకులూ మబ్బులోని తడిని పట్టి కిందకు జారుస్తున్నాయి. ప్రతి మానుకూ చేతి మందాన నాచు. ఏళ్ళుగా ఆవిడ పిల్లలకు నాచును గాజు పలకమీదే చూపించింది, ఎండి గోధుమరంగుకు తిరిగిన ముక్కలు. ఇక్కడ అది బతికి, పచ్చగా, నీళ్ళు తాగి ఉబ్బి ఉంది. ఆవిడ ఒక చెట్టు దగ్గర ఆగి అరచెయ్యి ఆనించింది. మెత్తటి పరుపులోకి దిగినట్టు వేళ్ళు దిగాయి.

"అలిసిపోయావా?" అని కింద నుంచి గంగాధరరావు అడిగాడు.

"లేదండి. పాఠం చదువుకుంటున్నాను."

కాసేపటికి భయపడినంత పనీ జరిగింది. ఎర్రబురద ఏటవాలు దగ్గర కాలు జారి, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే కింద దాకా జర్రున వెళ్ళిపోయింది. ముగ్గురూ కొయ్యబారిపోయారు. సుగుణ బురదలో కూర్చుని ఒకసారి చేతులూ కాళ్ళూ చూసుకుంది. అన్నీ ఉన్నాయి. పైన ముగ్గురి మొహాలూ చూసేసరికి ఆవిడకు నవ్వొచ్చింది. ఆపుకోలేక పెద్దగా నవ్వేసింది.

షంషున్నీసా పరుగున దిగింది. "దెబ్బ తగిల్నాదా అక్కా?"

"దెబ్బేం లేదు. మీకంటే ముందు దిగాను, అంతే."

పడ్డాక ఆవిడ నడక మారింది. పడితే ఏమవుతుందో తెలిసిపోయింది కనక అడుగు ధైర్యంగా వేస్తోంది.

మధ్యాహ్నం దాటేసరికి మబ్బు చిక్కబడింది. నాలుగు చెట్ల అవతల ఏముందో తెలియడం లేదు. కాలిబాట ఒకచోట రెండుగా చీలింది, కాస్త ముందుకెళ్తే రెండూ గడ్డిలో కలిసిపోయాయి. నసీరుద్దీన్ అటు పది అడుగులూ ఇటు పది అడుగులూ వేసి వచ్చి నిలబడ్డాడు. ఫోన్లో సిగ్నల్ లేదు.

"కుడి పక్కకే పోవాల" అన్నాడు.

"వాలు ఎడమవైపుంది నసీర్. నీళ్ళు వాలుకే కదా పోయేది" అన్నాడు గంగాధరరావు.

"అన్నా, నేను పదిసార్లు వచ్చిండా ఈడికి."

"వచ్చింది మబ్బు లేనప్పుడు."

వాళ్ళిద్దరూ అలా అనుకుంటుండగానే మబ్బులోంచి ఒక ఆవు వచ్చింది. పొట్టిగా, నల్లగా, నింపాదిగా ఉంది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఇంకొన్ని. మనుషులున్నారని లెక్కే చెయ్యకుండా, నలుగురి మధ్య నుంచీ తోసుకుంటూ పోయాయి.

సుగుణ రావులపాలెం దగ్గర పల్లెలో పుట్టింది. చిన్నప్పుడు ఇంట్లో పాడి ఉండేది. "పొద్దు వాలుతుంటే ఆవులు ఇంటికే వెళ్తాయి. వీటి వెనకాల వెళ్దాం. ఇల్లుంటే మనుషులుంటారు" అంది.

ఇంతకంటే మంచి ఉపాయం మగవాళ్ళిద్దరి దగ్గరా లేదు. నలుగురూ ఆవుల వెనక నడిచారు. పొదల్లోంచి దూరారు, ఒక బండ ఎక్కి దిగారు. సుగుణకు లోలోపల గర్వంగానే ఉంది. చివరికి ఆవులు ఒక నీటిమడుగు దగ్గరికి వచ్చి, నీళ్ళు తాగి, అక్కడే నిలబడి నెమరు వేయడం మొదలుపెట్టాయి. ఇల్లు లేదు, మనిషి లేడు.

ముగ్గురూ సుగుణ వైపు చూశారు.

"మా ఊరి గేదెలైతే ఇంటికే వెళ్ళేవి" అంది ఆవిడ.

షంషున్నీసా చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. "ఇవి దాహం తీర్చుకోను వచ్చినాయక్కా. మన మాదిరే, ఇంటికి తొందర లేదు వీటికి."

చేసేదేమీ లేక బండమీద కూర్చుని తెచ్చుకున్న చపాతీలు తిన్నారు. తింటుండగా మబ్బులోంచి సన్నటి పిలుపు వినిపించింది. ఊళలాగా లేదు, పాటలాగా లేదు, రెంటికీ మధ్యగా ఉంది. ఆవులన్నీ ఒక్కసారి తలలెత్తి అటు కదిలాయి. వాటికెదురుగా ఒక ముసలావిడ వచ్చింది. పువ్వుల బట్ట, ముక్కుకు బంగారు పుడక, కాళ్ళకు మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతిలో కర్ర. నలుగురినీ చూసి ఆగిపోయింది. సుగుణ వీపు నిండా ఉన్న బురద చూసి నవ్వి, ఏదో అంది.

"ఏమంటోంది?" అని సుగుణ అడిగింది.

"ఇది అరబ్బీ కాదు వదినా, వీళ్ళ కొండ భాష. నాకు రాదు" అన్నాడు నసీరుద్దీన్.

ముసలావిడ ఇక మాటలతో పని పెట్టుకోలేదు. కర్రతో రమ్మని సైగ చేసి ముందు నడిచింది. మళ్ళీ ఆవుల వెనకే నలుగురూ. ఈసారి నిజంగానే ఇల్లు వచ్చింది. రాతిగోడల కొట్టం, పక్కనే టార్పాలిన్ కప్పిన పెద్ద పాక, మధ్యలో నిప్పు. అక్కడ ఆవిడ కొడుకు సాలిం ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, కొద్దిగా హిందీ వచ్చు. తల్లి పేరు తుఫూల్ అని చెప్పాడు. దారి తప్పి వచ్చేవాళ్ళు ప్రతి ఖరీఫ్‌లోనూ ఉంటారనీ, ఆవుల వెనకాల వచ్చినవాళ్ళు మాత్రం మీరేననీ అన్నాడు.

తుఫూల్ నిప్పులోంచి నున్నటి రాళ్ళు కర్రతో తీసి, బూడిద దులిపి పాలగిన్నెలో వేసింది. పాలు చుయ్యిమని ఒక్క పొంగు పొంగి వేడెక్కాయి. గిన్నె చేతికిచ్చింది. పొగ వాసనతో, చిక్కగా, కొంచెం తియ్యగా ఉన్నాయి పాలు. తడిసి వణుకుతున్న సుగుణకు గొంతులోంచి కడుపు దాకా వెచ్చగా దిగాయి.

పక్కనే ఒక ఆవు పొదుగు నిండి నిలబడి ఉంది. సుగుణకు చేతులు ఊరుకోలేదు. చిన్నప్పటి అలవాటు గుర్తొచ్చి, లేచి వెళ్ళి దాని పక్కన గొంతుక్కూర్చోబోయింది. తుఫూల్ గబగబా వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది. కోపంగా కాదు, నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది.

సాలిం హిందీలో చెప్పాడు. తమ ఇంట్లో తాతల నాటి నుంచీ ఆడవాళ్ళు పొదుగు ముట్టుకోరు, పాలు పితకడం మగవాళ్ళ పని. తల్లి ఆ మాట తప్పదు.

తుఫూల్ చుట్టూ చూసి కర్రతో గంగాధరరావును చూపించింది.

"నేనా?" అన్నాడాయన. పాల ప్యాకెట్టు కత్తిరించడం తప్ప పాలతో ఆయనకు పరిచయం లేదు.

"కూర్చోండి" అంది సుగుణ. "ఎదురుగా కాదు, పక్కకి. ముందు దాన్ని కాస్త నిమరండి. బొటనవేలు లోపలికి మడవండి. లాగకూడదు, పైనుంచి కిందకి పిండాలి."

"పిండుతూనే ఉన్నాను, రావట్లేదు."

"అది మీ కాలిక్యులేటరు కాదు, నొక్కగానే రావడానికి. నెమ్మదిగా."

మొదటి ధార ఆయన బూటుమీద పడింది. రెండోది సాలిం పట్టుకున్న గిన్నె దాటి నసీరుద్దీన్ ప్యాంటుమీద పడింది. తుఫూల్ నవ్వీ నవ్వీ నిలబడలేక రాతిమీద కూలబడింది. ఆవు మెడ తిప్పి ఒకసారి ఆయన్ను చూసి మళ్ళీ గడ్డి మేతలో పడింది. ఆఖరికి గిన్నె అడుగు తడిసేటన్ని పాలు వచ్చాయి. ఆ కాసిన్ని పాలనూ ఆయన ఏదో వంతెన కట్టినవాడిలా పైకెత్తి అందరికీ చూపించాడు.

సాలిం తన పికప్ బండిలో వాళ్ళను రోడ్డు దాకా దింపుతానన్నాడు. నసీరుద్దీన్ తలూపబోయాడు. సుగుణ అడ్డొచ్చింది.

"ఇక్కణ్ణుంచి సముద్రం ఎంత దూరమో అడగండి."

సాలిం చేత్తో వాలు చూపించాడు. వాగు దగ్గరే ఉందట. ఆవులు దాటే చోట దాటి, నీళ్ళను ఎడమ చేతికి ఉంచుకుని నడిస్తే చీకటి పడకముందే సముద్రం వస్తుందట.

"మరి నడుద్దాం" అంది ఆవిడ.

"బట్టలన్నీ తడిచాయి సుగుణా" అన్నాడు గంగాధరరావు.

"ఇంకేం తడుస్తాయండి?"

సాలిం వాగు ఒడ్డు దాకా వచ్చి దాటే చోటు చూపించి, నసీరుద్దీన్ ఫోను నంబరు తీసుకుని వెళ్ళాడు. నీళ్ళు పిక్కల లోతు, లేత నీలంగా, అడుగు రాళ్ళు కనిపిస్తూ పారుతున్నాయి. మగవాళ్ళు ముందు దాటారు. సుగుణ షంషున్నీసా చెయ్యి పట్టుకుని దిగింది. నీళ్ళు చల్లగా కాళ్ళను తోస్తున్నాయి. నడి వాగులో ఆవిడ ఆగిపోయింది.

"నిలబడ్డావేందక్కా? భయమైతాందా?"

"లేదు షమ్మూ. చూస్తున్నాను."

రెండు వైపులా చెట్లు వాగుమీదకు వంగి ఉన్నాయి. ఎగువన నీళ్ళు మబ్బులోంచి వస్తున్నాయి, దిగువన మబ్బులోకే పోతున్నాయి. ఆ మధ్య ముక్కలో తను నిలబడి ఉంది. మోకాళ్ళు సలుపుతున్నాయి, ఊపిరి బరువుగానే ఉంది. అవతలి ఒడ్డున మగవాళ్ళిద్దరూ ఆగి చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నారనే సంగతి ఆవిడకు పట్టలేదు. తీరిగ్గా చూడాల్సిందంతా చూసుకుని అప్పుడు దాటింది.

దిగువకు వెళ్ళేకొద్దీ వాగు అంచెలంచెలుగా దూకుతూ పోయింది. దాని పక్కనే రాళ్ళ దారి. కింది లోయకు దిగేసరికి మబ్బు తలమీదకు వెళ్ళిపోయి కప్పులా నిలిచింది. ఎదురుగా వాగు వెడల్పై ఒక మడుగుగా పరుచుకుంది. దాని అవతల ఇసుక తిన్నె, ఆ తిన్నె అవతల సముద్రం. ఖరీఫ్ సముద్రం గోదారి జిల్లా మనిషికి కొత్త. బూడిదరంగు అలలు ఇంటెత్తున లేచి పగులుతున్నాయి. వాటి మోత నేలలోంచి కాళ్ళకు తెలుస్తోంది. దిగకూడదని బోర్డు ఉంది, ఎవరికీ దిగే ఓపికా లేదు. నలుగురూ వరసగా ఇసుకలో కూర్చున్నారు.

గంగాధరరావు బూటులోని ఇసుక దులుపుతూ, "ఇన్నేళ్ళూ నువ్వెందుకు రాలేదు?" అని అడిగాడు.

"ఎవరైనా ఆగితే సిగ్గేసేదండి."

"ఆగితే మాకూ కాస్త ఊపిరాడేది కదా" అన్నాడాయన. "ముందు నడిచేవాణ్ణి ఆగుదామని అడగలేక నేనెన్నిసార్లు చచ్చానో నీకు తెలీదు."

మస్కట్ తిరిగొచ్చాక సుగుణ మూడు రోజులు మెట్లు పక్కవాటుగా దిగింది. జలుబు వారం వదల్లేదు. ల్యాబ్‌లో పిల్లలకు నాచు గురించి చెప్పాల్సినదానికంటే ఎక్కువ చెప్పింది. చలికాలం వచ్చాక శుక్రవారాలు కొండలకు వెళ్ళడం మొదలుపెట్టింది. వరసలో ఆవిడదే చివరి స్థానం. మధ్యలో ఆగుతుంది, ఆగినప్పుడు ఎవరైనా పలకరిస్తే, "ఆయాసమండి, ఒక్క నిమిషం" అని మామూలుగా చెబుతుంది.

డిసెంబరులో ఒకరోజు నసీరుద్దీన్ ఫోనుకు సాలిం ఒక ఫొటో పంపాడు. గంగాధరరావు పితికిన ఆవు కూతురట, తొలిచూలు ఈనింది. తెల్లటి నుదుటి చుక్కతో దూడ, పక్కన తుఫూల్, కాళ్ళకు అవే రబ్బరు బూట్లు. ఫొటోతో పాటు ఆవిడ గొంతు రికార్డు చేసి పంపింది. షంషున్నీసా దాన్ని సుగుణకు పంపిస్తూ, "నీ కోసమే అంట అక్కా. ఏం చెప్పిందో ఆ దేవుడికే తెల్సు" అని రాసింది.

సుగుణ టీ పెట్టుకుని బాల్కనీలో కూర్చుని విన్నది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. మధ్యలో నవ్వు వినిపించింది, ఆవు అరుపు వినిపించింది, దూరంగా ఎవరినో అదిలించడం వినిపించింది. రెండోసారి విని, మైకు గుర్తు నొక్కి తనూ మొదలుపెట్టింది.

"తుఫూల్‌గారూ, దూడ ముచ్చటగా ఉందండి. తల్లికి బెల్లం పెట్టండి, మా ఊళ్ళో అలాగే పెడతారు. జున్నుపాలు దూడను సరిపడా తాగనివ్వండి, మిగిలితేనే మీరు తీసుకోండి. మావారు ఆఫీసులో అందరికీ పాలు పితకడం వచ్చని చెప్పుకుంటున్నారు, మీరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. మళ్ళీ ఖరీఫ్‌కు వస్తాం. ఈసారి పైనుంచి కాదు, సముద్రం దగ్గర్నుంచి ఎక్కి వస్తాను..."

టీ చల్లారిపోయింది. ఆవిడ చెబుతూనే ఉంది.